గట్టెక్కించే ఇంజన్

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు... నెల్లూరు తీరంలో ఏ మండలానికి వెళ్లినా, రొయ్యల గుంట మీద పట్టుబడి జరుగుతోందంటే గట్టున కాచుకొని ఉండే బండ్లలో ఒకటి బొలేరో పికప్ అయి ఉంటుంది. టాటా ఏస్‌లు వస్తాయి, దోస్త్‌లు వస్తాయి, పెద్ద పట్టుబడికి ఐషర్ లారీలు వస్తాయి. అయినా టన్నూ టన్నున్నర సరుకును లోపలి గుంట నుంచి తారురోడ్డు దాకా తేవాలంటే ఇక్కడి రైతుకూ డ్రైవరుకూ ముందు గుర్తొచ్చేది ఆ బండే. ఎందుకని అడిగితే వచ్చే జవాబు చిన్నది: "పెద్ద ఇంజన్, లాగుద్ది."

ఆ జవాబును ఇంజనీర్లు చాలామంది పాతకాలపు మూఢనమ్మకంగా కొట్టిపారేస్తారు. వాళ్ల వాదనకు బలమైన సాక్ష్యం బొలేరో పేరుతోనే ఉంది. 2016లో మహీంద్రా కంపెనీ మనుషులెక్కే బొలేరోలో కొత్త ఇంజన్ పెట్టింది. మూడు సిలిండర్లు, 1,493 సీసీ, 70 హార్స్‌పవర్, 195 న్యూటన్ మీటర్ల టార్క్. సరుకు మోసే పికప్‌లో మాత్రం నాలుగు సిలిండర్ల 2,523 సీసీ పాత కుటుంబపు ఇంజనే కొనసాగింది. బిఎస్-6 కాలుష్య నియమాల కాలంలో దాని బలం 70 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు. అంటే ఒక లీటరు తక్కువున్న చిన్న ఇంజన్ దాదాపు అంతే పని చేసి చూపిస్తోంది. అలాంటప్పుడు పెద్ద ఇంజన్ కోసం పట్టుబట్టడం ఎందుకు?

ఒకే కంపెనీ ఒక బొలేరోలో ఇంజన్ తగ్గించి, రెండోదాన్ని వదిలేయడానికి కారణం ఇంజనీరింగ్‌లో మాత్రమే వెతికితే దొరకదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న కార్లకు మన దేశంలో పన్ను తక్కువ. బొలేరోను ఆ గీత లోపలికి తేవడానికి ఇంజన్ చిన్నదైంది. సరుకు బండికి ఆ గీత లేదు. పన్ను తోయలేదు, కొనేవాడు అడగలేదు, ఇంజన్ మారలేదు. కొనేవాడు ఎందుకు అడగలేదన్నదే ఇక్కడ తేల్చాల్సిన విషయం. అతని పట్టుదలలో గట్టి భౌతికశాస్త్రం ఉందని నేను నమ్ముతున్నాను. అలాగే కాలం చెల్లిన నమ్మకమూ కొంత కలిసి ఉంది. రెంటినీ విడదీసి చూడటం అవసరం, ఎందుకంటే ఈ బండి మీద తీసుకున్న అప్పు ఏళ్ల తరబడి కట్టాల్సింది అతనే.

మొదట గట్టు లెక్క చూద్దాం. నెల్లూరు తీరం చదునైన నేల, కొండలు లేవు. బండికి పరీక్ష పెట్టేది గుంట పక్కనున్న మెత్తని నేల, దాని నుంచి గట్టు మీదికి లేచే ఏటవాలు. సరుకుతో కలిపి బండి బరువు 3 టన్నులనుకుందాం. మంచి తారురోడ్డు మీద దాన్ని నెమ్మదిగా నడుపుతూ ఉండటానికి చక్రాలు తోయాల్సిన బలం సుమారు 45 కిలోల బరువుతో సమానం. అదే బండి వదులు ఇసుకలోకి దిగితే చక్రం కూరుకుపోతుంది, ముందున్న ఇసుకను ప్రతి అంగుళం దగ్గరా తొక్కుకుంటూ పోవాలి. దానికే 450 కిలోల బలం కావాలి. పది అడుగులకు ఒక అడుగు లేచే ఏటవాలు కూడా కలిసిందంటే ఇంకో 300 కిలోలు వెనక్కి లాగుతాయి. మొత్తం 750 కిలోలు. తారురోడ్డు మీది అవసరానికి పదహారు రెట్లకు పైమాట.

చక్రం సైజు, మొదటి గేరులో గేరుబాక్సూ వెనక యాక్సిలూ కలిసి ఇచ్చే రమారమి 20 రెట్ల తగ్గింపు, మధ్యలో రాపిడికి పోయే పదో వంతు, ఇవన్నీ లెక్క వేస్తే ఇంజన్ దగ్గర కావాల్సిన టార్క్ సుమారు 140 న్యూటన్ మీటర్లు వస్తుంది. కంపెనీ కాగితాల ప్రకారం పెద్ద ఇంజన్‌కు 200 ఉంది, చిన్నదానికి 195 ఉంది. రెండూ ఎక్కేయాలి.

కానీ ఆ 195, ఆ 200 ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పటి అంకెలు. నిలబడ్డ బండిని కదిలించే క్షణంలో ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్ల లోపే తిరుగుతుంటుంది. అక్కడ టర్బో సంగతి చెప్పుకోవాలి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన అది. సిలిండర్‌లోంచి బయటికి పోయే వేడి పొగతో చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకున్న రెండో చక్రంతో బయటి గాలిని ఒత్తి లోపలికి పంపుతారు. గాలి ఎక్కువ వెళ్తే డీజిల్ ఎక్కువ మండించవచ్చు, చిన్న సిలిండర్ పెద్దదాని పని చేస్తుంది. అయితే టర్బో తిరగాలంటే పొగ ఉండాలి, పొగ రావాలంటే ఇంజన్ ముందుగా పని చేస్తూ ఉండాలి. ఇసుకలో నిలబడి క్లచ్ వదిలే ఆ ఒకటి రెండు సెకన్లలో టర్బో నిద్రలోనే ఉంటుంది.

టర్బో సాయం లేకుండా ఒక మంచి డీజిల్ ఇంజన్ లీటరుకు 60 న్యూటన్ మీటర్ల దగ్గర ఇస్తుంది. సిలిండర్‌లో పట్టే గాలే దానికి హద్దు. రెండున్నర లీటర్ల ఇంజన్‌కు అది 150. లీటరున్నరకు 90. గట్టు అడిగింది 140. పెద్ద ఇంజన్ తన సొంత ఊపిరితోనే కదులుతుంది. చిన్న ఇంజన్ డ్రైవరు ఏం చేయాలి? క్లచ్ సగం నొక్కి పట్టి, యాక్సిలరేటర్ తొక్కి, ఇంజన్‌ను వేగంగా తిప్పి, టర్బో లేచాక మెల్లగా వదలాలి. బండి కదులుతుంది. ఆ మధ్యలో క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది. పట్టుబడుల సీజనులో రోజూ అదే పనైతే ప్లేటు తొందరగా అరిగిపోతుంది. చిన్న ఇంజన్ పికప్‌లు చేసే కంపెనీలకు ఇది తెలియక కాదు. మొదటి గేరును ఇంకా కిందికి దించి, తక్కువ వేగంలోనే లేచే చిన్న టర్బోలు పెట్టి ఈ తేడాను చాలావరకు పూడ్చారు. ఇరవై ఏళ్ల కిందట ఉన్నంత తేడా ఇప్పుడు లేదు. కానీ సున్నా కాలేదు.

ఇప్పటి రెండున్నర లీటర్ల ఇంజన్‌కూ టర్బో ఉంది. అది లేచే లోపు పని ఆగదు, అంతే.

రెండో కారణం కంటికి కనిపించదు గానీ, నా లెక్కలో ఇదే పెద్దది. ఇంజన్ ఇచ్చే టార్క్‌ను దాని సైజుతో భాగిస్తే, పిస్టన్ మీద సగటున ఎంత ఒత్తిడి పడుతోందో తేలుతుంది. రెండున్నర లీటర్ల ఇంజన్ 200 న్యూటన్ మీటర్లు ఇస్తున్నప్పుడు ఆ సగటు సుమారు 10 బార్, అంటే మనం పీల్చే గాలి ఒత్తిడికి పది రెట్లు. లీటరున్నర ఇంజన్ 195 ఇస్తున్నప్పుడు 16 బార్ దాటుతుంది. ఇద్దరు పట్టుకొని మోసే మూటను ఒక్కడే నెత్తినెత్తుకున్నట్టు. గమ్యం చేరేది ఒకే మూటే, మెడ మీద పడే భారం వేరు. సగటు పెరిగితే మండే క్షణంలోని గరిష్ఠ ఒత్తిడీ పెరుగుతుంది. హెడ్ గాస్కెట్, బేరింగులు, పిస్టన్ తల, అన్నిటి మీదా ఆ భారం పడుతుంది. వేడి కూడా తక్కువ లోహం మీదే పడుతుంది, దాన్ని అంతే వేగంగా నీళ్లూ ఆయిలూ బయటికి తీసుకుపోవాలి.

కొత్త చిన్న ఇంజన్లను ఈ ఒత్తిడికి తగ్గట్టే తయారు చేస్తారు. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే గొట్టాలుంటాయి, లోహం మెరుగ్గా ఉంటుంది, లెక్కలు కచ్చితంగా ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఆ ఇంజన్ కూడా లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. చిక్కంతా ఆ "అన్నీ సరిగ్గా ఉంటే" దగ్గరుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా, ఆయిల్ మార్చడం రెండు వేల కిలోమీటర్లు ఆలస్యమైనా, మే నెల ఎండలో పరిమితికి మించిన సరుకుతో ఇసుకలో ఇరుక్కున్నా, పెద్ద ఇంజన్‌కు తట్టుకొనే వెసులుబాటు ఎక్కువ. నెల్లూరు తీరపు డ్రైవరు డబ్బు పెట్టి కొనేది ఆ వెసులుబాటునే. దాన్ని అమాయకత్వం అనడానికి నాకు మనసొప్పదు.

ఆ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకో ముడి విడిపోతుంది. ఈ 2,523 సీసీ ఇంజన్ సిలిండర్ అడ్డకొలత 88.9 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 101.6 మిల్లీమీటర్లు. చూడటానికి వింత అంకెలు. అంగుళాల్లోకి మార్చితే మూడున్నర, నాలుగు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రాక్టరు కోసం చేసిన బిడి-154 ఇంజన్ కొలతలు అచ్చంగా ఇవే. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి మన దేశంలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టి బి-275 ట్రాక్టర్లు తయారు చేశాయి. ఆ కుటుంబపు ట్రాక్టరు డీజిళ్లు తర్వాత జీపుల్లోకి ఎక్కాయి, ఆ దారిలోనే బొలేరోలోకి, పికప్‌లోకి వచ్చాయి. ట్రాక్టరు ఇంజన్‌కు పరుగెత్తే పని లేదు. దమ్ము చేసేటప్పుడు గంటల తరబడి ఒకే వేగంతో, నిండు భారంతో బురదలో తిరగాలి. అందుకే పిస్టన్ ప్రయాణం అడ్డకొలత కన్నా ఎక్కువ, వేగం తక్కువ, గోడలు మందం.

పెన్నా డెల్టా కయ్యల్లో ట్రాక్టరు కన్నా ముందే వచ్చిన గురువు ఒకటుంది. ఆయిల్ ఇంజన్. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1929 నుంచి చేసిన సీఎస్ రకం, దాన్ని చూసి మన రాజ్‌కోట్‌లో లెక్కలేనన్ని వర్క్‌షాపులు పోత పోసిన రకం. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, ఊరవతలికి వినిపించే దబ్‌దబ్ చప్పుడు. ఒక సిలిండర్ లిస్టర్‌లో అడ్డకొలత నాలుగున్నర అంగుళాలు, ప్రయాణం అయిదున్నర. అంటే 1.4 లీటర్లు. దాన్నుంచి వచ్చే బలం నిమిషానికి 650 చుట్ల దగ్గర 6 హార్స్‌పవర్! ఇప్పటి లీటరున్నర పికప్ ఇంజన్ 70, 80 ఇస్తోంది. పదో వంతు కూడా ఇవ్వని ఆ యంత్రం నీడగా ఒక కొట్టం, చల్లబరచడానికి ఒక పీపా నీళ్లు ఇస్తే తరాలు పని చేసింది. బోరుకొస్తే లైనర్ మార్చారు, నాజిల్ పోతే ఊళ్లోనే విప్పి తుడిచారు. మెల్లగా తిరిగే బరువైన ఇంజన్ మోసం చేయదన్న పాఠం రైతు ఎక్కడా చదవలేదు. పంట తడిసిన ప్రతి ఏడాదీ దాన్ని చూశాడు.

ఆ పాఠంలోనే ఇప్పుడు పొరపాటు కూడా దాక్కుంది. "పెద్ద ఇంజన్ అయితే మన మెకానిక్ చేసేస్తాడు" అన్న నమ్మకానికి పునాది కరిగిపోయింది. 2017 ఏప్రిల్‌లో బిఎస్-4, 2020 ఏప్రిల్ 1న బిఎస్-6 దేశమంతటా వచ్చాయి. సిలిండర్ కొలతలు అవే మూడున్నర, నాలుగు అంగుళాలైనా డీజిల్ చిమ్మడానికి కామన్ రైల్ వచ్చింది. వెయ్యి బార్‌లు దాటిన ఒత్తిడితో డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లను కంప్యూటర్ నడుపుతుంది. ఏ సెన్సార్ తప్పిందో తెలియాలంటే స్కానర్ పెట్టాలి. మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ పొగ గొట్టంలో కూర్చుంది. అది నిండినప్పుడు పొగను బాగా వేడెక్కించి మసిని కాల్చేయాలి, అందుకు బండి కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. గుంట నుంచి ఐసు ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి మళ్లీ గుంటకు, మధ్యలో గంటలకొద్దీ ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం, ఇదీ తీరంలో పికప్ దినచర్య. డీపీఎఫ్‌కు ఇంతకన్నా చెడ్డ బతుకు లేదు. పైగా తేలికగా నడిచే పెద్ద ఇంజన్ పొగ చిన్నదాని పొగంత వేడిగా ఉండదు. ఇక్కడ పెద్ద ఇంజన్ సైజు దానికే అడ్డం. ఈ బండి కొన్నవాళ్లు వారానికొకసారైనా హైవే మీద అరగంట ఆగకుండా నడపడం మంచిది. షోరూములో ఈ మాట కొనే రోజే చెప్పాలి.

డీజిల్ ఖర్చు మాటేమిటి? సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పెద్ద ఇంజన్ ఓడిపోతుంది. పిస్టన్లూ రింగులూ బేరింగులూ రాసుకోవడానికే కొంత శక్తి పోతుంది, ఇంజన్ ఎంత పెద్దదైతే ఆ రాపిడి అంత. తేలిక పరుగులో పెద్ద ఇంజన్ సిలిండర్‌లో పుట్టించిన పనిలో నలభై శాతం దాకా తన రాపిడికే పోగొట్టుకుంటే, చిన్నది ముప్ఫై దగ్గర ఆగుతుంది. ఎక్కువగా తారురోడ్డు మీదే తిరిగేవాళ్లు, నెల్లూరు టౌనులో సిమెంటూ పాలూ కూరగాయలూ వేసేవాళ్లు పెద్ద ఇంజన్ కొంటే ఆ తేడాను ఏళ్ల తరబడి బంకులో కడుతూ ఉంటారు. వాళ్లకు గట్టు లేదు. గట్టు లేనివాళ్లు గట్టెక్కే ఇంజన్ కొనడం నష్టమే.

ఇంకొక విషయం గట్టిగా చెప్పాలి, ఇది ప్రాణాలతో ముడిపడ్డది. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక గుంటల్లో పిల్ల సాంద్రత పెరిగింది. చదరపు మీటరుకు 60 దాకా వేసుకోవచ్చన్నది నియమం. టైగర్ రొయ్య రోజులతో పోలిస్తే ఒక్కో పట్టుబడిలో దిగుబడి ఎంతో ఎక్కువ. దానికి తోడు కిలో రొయ్యకు కిలో ఐసు. రొయ్యను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి కిలో ఐసులో మూడో వంతు కరిగితే చాలు గానీ, ప్రాసెసింగ్ ప్లాంటు చేరేదాకా ఆ చల్లదనం నిలవాలంటే మిగతాదీ కావాలి. అంటే బండి మోసేదాంట్లో సగం ఐసే. ఇంకో ట్రిప్పు వేస్తే రొయ్య మెత్తబడుతుంది, రేటు పడిపోతుంది. అందుకని ఉన్న బండిలోనే క్రేటు మీద క్రేటు పేరుస్తారు. పెద్ద ఇంజన్ మూలగకుండా లాగేస్తుంది.

లాగింది కదా అని ఆగుతుందనుకోకూడదు. ఎంత బరువు మోయవచ్చన్న పరిమితిని ఇంజన్ ఒక్కటే నిర్ణయించదు. బ్రేకులు, టైర్లు, యాక్సిలు, కమాను పట్టాలు కలిసి నిర్ణయిస్తాయి. బరువు ఒకటిన్నర రెట్లయితే, అదే వేగం నుంచి ఆపడానికి బ్రేకు డ్రమ్ములు మింగాల్సిన వేడీ ఒకటిన్నర రెట్లు. బొగ్గు లారీలు వరుసకట్టే కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద, తెల్లవారుజామున, ఐసు నీళ్లు కారుతున్న బండిలో ఆ తేడా ఏమిటో ఊహించుకోవచ్చు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం అధిక బరువుకు 20,000 రూపాయలూ, పైనున్న ప్రతి టన్నుకూ 2,000 రూపాయలూ జరిమానా పెట్టింది. జరిమానా కన్నా ముందు భయపడాల్సింది ఆగని బండికి.

పెద్ద ఇంజన్ మీద మమకారం మనకే పరిమితం కాదు. అమెరికాలో రామ్ కంపెనీ 2025 మోడల్ 1500 పికప్‌లో ఎన్నో ఏళ్ల నుంచి ఉన్న 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల హెమీ ఇంజన్‌ను తీసేసి, రెండు టర్బోలున్న 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టింది. పాతదానికి 395 హార్స్‌పవర్, కొత్తదానికి మొదటి మెట్టులోనే 420. అంకెల్లో కొత్తదే పైచేయి. కొనేవాళ్లు ఒప్పుకోలేదు. 2025 జూన్‌లో కంపెనీ వెనక్కి తగ్గి 2026 మోడల్‌కు హెమీని తిరిగి తెస్తున్నట్టు ప్రకటించింది. అయితే సైజు ఒక్కటే హామీ కాదని అదే ఏడాది ఇంకో కంపెనీ ఉదంతం చూపించింది. జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్లున్న బండ్లను అమెరికాలోనే దాదాపు ఆరు లక్షలు వెనక్కి పిలవాల్సి వచ్చింది. కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్ షాఫ్ట్ తయారీలో లోపాలు. పోత తప్పితే పెద్ద ఇంజనూ విరుగుతుంది.

డల్లాస్‌లో రామ్ పికప్ కొన్నతను చాలాసార్లు ఆ చప్పుడు కోసం, ఆ హోదా కోసం కొంటాడు. తోటపల్లిగూడూరు డ్రైవరు వాయిదాలు కట్టడానికి కొంటాడు. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

తోటపల్లిగూడూరు డ్రైవరు కోరేవాటిని రాసి చూస్తే, ముందుంది కదిలే క్షణంలో నిండు బలం. దాన్ని అందరికన్నా బాగా ఇచ్చేది ఏ డీజిలూ కాదు, ఎలక్ట్రిక్ మోటారు. తిరగడం మొదలుపెట్టక ముందే దానికి పూర్తి టార్క్ ఉంటుంది, టర్బో కోసం ఎదురుచూపు లేదు, కాలడానికి క్లచ్ ప్లేటూ లేదు. ఇదే తీరంలో ఒక మార్పు ఇప్పటికే జరిగిపోయింది. కరెంటు నమ్మకంగా వచ్చిన చోటల్లా రైతు నీళ్లు తోడే పనిని ఆయిల్ ఇంజన్ నుంచి మోటారుకు మార్చేశాడు. డీజిల్‌ను పూర్తిగా వదల్లేదు. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి గంటల్లో గుంట మొత్తం పోతుంది కాబట్టి, కరెంటు పోయినప్పటి కోసం జనరేటర్ గట్టు మీద ఉంచుకున్నాడు. విధేయత ఇంజన్ మీద కాదు, నమ్మకంగా నడిచే దాని మీద.

పికప్‌లో ఆ మార్పుకు అడ్డం బ్యాటరీ. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ మోటారు 130 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, బ్యాటరీ 21.3 యూనిట్లు, మొదటి మోడల్ మోసేది 600 కిలోలు. మూడు టన్నుల బండిని ఇసుకలోంచి లాగి, ఐసుతో సహా చెన్నై దాకా పంపడానికి అది చాలదు. గుంట నుంచి ప్లాంటుకు, ప్లాంటు నుంచి గుంటకు తిరిగే దగ్గరి పనికైతే దూరం సరిపోతుంది, మోసే బరువే పెరగాలి. ఛార్జింగ్ ఎక్కడన్న ప్రశ్నకు జవాబు గట్టు మీదే ఉంది. అక్కడ త్రీ ఫేజ్ కరెంటు ఉంది. రెండు హార్స్‌పవర్ల ఏరేటర్ ఒకటి 14 గంటలు తిరిగితే కాలే కరెంటు 21 యూనిట్లు. ఆ బ్యాటరీ నిండటానికి కావాల్సిందీ దాదాపు అంతే.